చెల్లెలి పాపకు ఆగని చొంగ, ముక్కులో గురగుర: తల్లి మత్తుకు అలవాటు పడిన పసిబిడ్డలను చూసుకున్నవారు చెప్పండి

విభాగం: పసిపిల్లల సంరక్షణ, హైదరాబాద్

ఉప్పల్ పెద్దమ్మ | రాత్రి 10:52

అందరికీ నమస్కారం. పాప నా చెల్లెలి కూతురు. మూడో వారం నడుస్తోంది. ముప్పై ఏడు వారాలకే పుట్టింది, అప్పుడు బరువు 2.3 కిలోలు. చెల్లెలి ఆరోగ్యం బాగాలేక పాపను మా ఇంటికి తెచ్చుకున్నాను. నోటి నుంచి చొంగ ఆగడం లేదు. చిక్కగా, తెల్లటి నురగలా చెంప మీదుగా కారి మెడ మడతల్లో చేరుతోంది. అక్కడ చర్మం ఎర్రబడింది కూడా. ముక్కులో ఎప్పుడూ గురగుర. పాలు పట్టడానికి ముప్పావు గంట పడుతోంది, అందులో సగం పెదవుల పక్క నుంచే కారిపోతాయి. అప్పుడప్పుడు పొలమారుతోంది. ఒళ్ళంతా మెత్తగా ఉంది, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతుందేమోనని భయం వేస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు చెల్లెలు కొన్ని మందులు వాడింది. దాని వల్లేనా ఇది? మా అత్తగారు వేలికి గుడ్డ చుట్టి గొంతులో కఫం తీసేయమంటున్నారు. మందుల షాపులో జలుబు చుక్కలు ఇచ్చారు, ఇంకా వేయలేదు.

నానమ్మ కబుర్లు | రాత్రి 11:05

అమ్మాయీ, కంగారు పడకు. ముప్పై ఏడు వారాల పిల్ల అంటే గర్భంలోని ఉమ్మనీరు ఇంకా ఛాతీలో ఉంటుందని మా కాలంలో అనుకునేవాళ్ళం. తమలపాకుకు ఆముదం రాసి వేడి చేసి రొమ్ము మీద వెయ్యి. వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాయి. స్నానం తరువాత సాంబ్రాణి పొగ చూపించు. మేమందరం అలాగే పెరిగాం. జేబురుమాలు మీద రెండు చుక్కల జిందా తిలిస్మాత్ వేసి ఉయ్యాలకు కట్టినా ముక్కు తెరుచుకుంటుంది.

రాత్రి డ్యూటీ | రాత్రి 11:21

నేను నవజాత శిశువుల వార్డులో స్టాఫ్ నర్సును. నానమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ జాబితాలో ఒక్కటి కూడా ఈ పాపకు వద్దు.

తేనె ఏడాది నిండేవరకు ఏ బిడ్డకూ పెట్టకూడదు. అందులో బొటులిజం కలిగించే క్రిమి బీజాలు ఉండే అవకాశం ఉంది. ఆ జబ్బు లక్షణాలే ఒళ్ళు మెత్తబడటం, చప్పరించలేకపోవడం, చొంగ కారడం. ఉన్న సమస్యకు అదే సమస్యను జోడించినట్టు అవుతుంది. వస ఎక్కువైతే వాంతులు తెప్పిస్తుంది. సరిగ్గా మింగలేని బిడ్డకు వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాంబ్రాణి పొగకు ముక్కు లోపలి పొర మరింత వాస్తుంది. జిందా తిలిస్మాత్ లాంటి, నీలగిరి తైలం, కర్పూరం ఉన్నవేవీ రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గరికి తీసుకురావద్దు. కర్పూరం ఒంట్లోకి చేరితే ఫిట్స్ వస్తాయి.

ముక్కులో ఆముదం, కొబ్బరి నూనె వేయమని ఇంకెవరైనా చెబుతారు, ముందే అంటున్నాను: వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చిన పిల్లలను మేం చూస్తూనే ఉంటాం. యాంటీబయాటిక్స్‌తో తగ్గే న్యుమోనియా కాదది.

వేలు అసలే పెట్టకండి. గొంతు వెనక గీరుకుపోతుంది. అక్కడ తగిలితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు కూడా.

ఇప్పుడు నా ప్రశ్న. "కొన్ని మందులు" అంటే ఏవి? పేరు తెలియకుండా ఎవరూ మీకు సరైన సలహా ఇవ్వలేరు.

నానమ్మ కబుర్లు | రాత్రి 11:30

సరేనమ్మా, తేనె మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమలపాకు మాత్రం తీసుకోను.

రాత్రి డ్యూటీ | రాత్రి 11:33

ఆకు వెచ్చగా ఉంటే ఛాతీ మీద వేసుకోండి నానమ్మగారూ, కాలేంత వేడి లేకపోతే చాలు. దానివల్ల కఫం పోదు, మీకు తృప్తిగా ఉంటుంది.

దత్తత నాన్న | రాత్రి 11:48

మా బాబును దత్తత తీసుకున్నాం. కన్నతల్లి నొప్పి తగ్గించే ఓపియాయిడ్ (నల్లమందు జాతి) ఇంజెక్షన్లకు అలవాటు పడిన మనిషి. మా వాడి లక్షణాలు మీరు చెప్పినవాటికి దాదాపు తలకిందులు. ఒళ్ళు మెత్తగా ఉండటం కాదు, కర్రలా బిగుసుకుపోయేవాడు. ఏడుపు కీచుగా ఉండేది. వరుసగా తుమ్ములు, ఆవులింతలు, చెమటలు, నీళ్ళ విరేచనాలు. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండేది కానీ చీమిడి పెద్దగా రాదు. ఆకలిగా గబగబా చప్పరిస్తాడు, ముక్కు ఆడక వదిలేసి ఏడుస్తాడు, మళ్ళీ పట్టుకుంటాడు, చివరికి అంతా కక్కేస్తాడు.

డాక్టర్లు కొద్ది మోతాదులో నోటి ద్వారా అదే జాతి మందు మార్ఫిన్ మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ముక్కు కోసం విడిగా ఏ మందూ ఇవ్వలేదు, ఉప్పునీటి చుక్కలు తప్ప. మత్తు వదిలేకొద్దీ ముక్కు కూడా దానంతట అదే తెరుచుకుంది. చీకటి గది, చప్పుడు లేకుండా చూడటం, పొత్తిగుడ్డలో చుట్టి ఛాతీకి హత్తుకోవడం మందుతో సమానంగా పనిచేశాయి.

అందుకే నర్సుగారు అడిగిన ప్రశ్నే ముఖ్యం. ఏ మత్తు అన్నదాన్ని బట్టి అంతా మారుతుంది.

పిడుగు | రాత్రి 11:57

ఇలాంటి తల్లులకు పిల్లలను కనే హక్కు [ఈ వ్యాఖ్యలో కొంత భాగం తొలగించాం – నిర్వాహకులు]

నిర్వాహకులు | అర్ధరాత్రి 12:04

ఈ విభాగంలో తల్లిని తిట్టే వ్యాఖ్యలు ఉండవు. ఇది హెచ్చరిక. తిట్లకు భయపడి నిజం చెప్పని కుటుంబాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఉప్పల్ పెద్దమ్మ | అర్ధరాత్రి 12:19

ఇక్కడ పేర్లు ఉండవు కాబట్టి చెబుతున్నాను. మందులు కాదు, కల్లు. పెళ్ళయిన దగ్గర నుంచి అత్తవారింట్లో అందరితో పాటు కాంపౌండు కల్లు తాగేది. రోజూ సాయంత్రం. ఒకరోజు తాగకపోతే చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు, చీమలు పాకుతున్నాయి అనేది. కాన్పు అయిన మూడో రోజు మనుషులను గుర్తుపట్టకుండా మాట్లాడింది, ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఉంది. పాప పుట్టిన ఆసుపత్రిలో కల్లు సంగతి ఎవరూ చెప్పలేదు. రక్తం తక్కువ, నీరసం అన్నారు. పోలీసులు వస్తారని, పాపను తీసుకుపోతారని బావ భయం.

కొంపల్లి పిల్లల డాక్టరు | అర్ధరాత్రి 12:41

పెద్దమ్మగారూ, మీరు రాసిన ఈ నాలుగు ముక్కలు ఎక్స్‌రే కన్నా ఎక్కువ చెప్పాయి.

మన తెలంగాణలో కాంపౌండు కల్లు అంటే చెట్టు కల్లు అనుకోవడానికి లేదు. చాలా చోట్ల దాన్ని ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులతో కలుపుతారు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు సరఫరా తగ్గినప్పుడు జనం పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి కూడా. మీ చెల్లెలికి వచ్చిన వణుకు, చీమలు పాకడం, ఫిట్స్ సరిగ్గా అలా హఠాత్తుగా మానేసినప్పటి లక్షణాలు. ఆమె సరైన చోటే ఉంది.

ఇక పాప విషయం. ఆల్ప్రజోలం, డయజిపాం జాతి మందులు మాయను దాటి బిడ్డకు చేరతాయి. చివరి నెలల్లో రోజూ చేరితే బిడ్డ పుట్టాక ఒళ్ళు మెత్తబడి, ఏడుపు నీరసంగా, చప్పరింత బలహీనంగా ఉంటుంది. పసికందు కాలేయం వీటిని నెమ్మదిగా వదిలించుకుంటుంది, అందుకే ప్రభావం చాలా రోజులు సాగుతుంది. కొందరిలో మెత్తదనం తగ్గాక, రెండు మూడు వారాలకు వణుకు, చిరాకు మొదలవుతాయి. కల్లులో మద్యం కూడా ఉంది కదా, దానివల్ల కూడా పాలు తాగడంలో ఇబ్బంది వస్తుంది.

చొంగ గురించి. ఈ వయసు బిడ్డకు లాలాజలం తక్కువగానే ఊరుతుంది, ఊరింది మింగేస్తుంది. మీ పాపకు ఊరడం ఎక్కువైందని కాక, మింగడం తక్కువైందని నా అనుమానం. గొంతు వెనక నిలిచిన ఉమ్మిలో గాలి ఆడి నురగ అవుతోంది, ముక్కులో గురగుర అనిపించేదీ చాలావరకు అదే. కొన్ని మత్తు మందులు, ముఖ్యంగా క్లోనజిపాం, లాలాజలాన్ని పెంచే మాట కూడా నిజమే. దత్తత నాన్నగారి బాబుది వేరే కథ. ఓపియాయిడ్ వదిలేటప్పుడు ముక్కు లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతుంది. పైకి రెండూ "జలుబు"లాగే కనిపిస్తాయి. ఒకప్పుడు బీపీకి వాడిన రిసర్పిన్ అనే మందు తల్లికి ఇస్తే కూడా పుట్టిన బిడ్డకు ముక్కులు మూసుకుపోయేవి. పసికందులు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి అది చిన్న విషయం కాదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. నురగ ఆగకుండా కారుతూ, పాలు పట్టగానే పొలమారే ప్రతి బిడ్డలోనూ ముందు చూడవలసింది అన్నవాహిక పుట్టుకతోనే మూసుకుపోయిందా, శ్వాసనాళంతో కలిసిందా అన్నది. సుమారు మూడు నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుంది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే మొదటి రోజుల్లోనే బయటపడేది. సన్నని దారితో శ్వాసనాళానికి కలిసిన రకం మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. తల్లి మత్తు వాడింది కాబట్టి అంతా దాని వల్లే అనుకోవడం మా డాక్టర్లు కూడా చేయకూడని పని.

తెల్లవారేదాకా ఆగవద్దు అనడానికి కారణాలు: పాప నిమిషానికి అరవై లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, మూలుగుతుంటే, పెదవులు నీలంగా మారితే, ఊపిరి మధ్యలో ఆగుతుంటే, లేపినా పాలకు లేవకపోతే, ఒళ్ళు చల్లబడితే, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ లేదా ఆ పైన ఉంటే, పచ్చటి వాంతి అయితే, ఫిట్స్ వస్తే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కు ఫోన్ చేయండి. నిలోఫర్‌లో రాత్రంతా అత్యవసర విభాగం నడుస్తుంది. ఏదీ లేకపోయినా పొద్దున్నే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాలి, వారం ఆగే విషయం కాదు.

రాత్రి డ్యూటీ | అర్ధరాత్రి 12:50

ఊపిరి లెక్కపెట్టేటప్పుడు పాప నిద్రలో ఉండాలి. చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేయకండి. పసికందులు కాసేపు గబగబా, కాసేపు మెల్లగా ఊపిరి తీస్తారు. అరవై లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మరోసారి లెక్కపెట్టండి.

ఉప్పల్ పెద్దమ్మ | అర్ధరాత్రి 1:02

నలభై ఎనిమిది వచ్చింది. డొక్కలు ఎగరేయడం లేదు. పెదవులు ఎర్రగానే ఉన్నాయి. జ్వరం లేదు.

రాత్రి డ్యూటీ | అర్ధరాత్రి 1:16

మంచిది. అయితే తెల్లవారేదాకా ఇలా చేయండి.

పాలకు ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకటి లేదా రెండు చుక్కలు మందుల షాపులో దొరికే ఉప్పునీటి ముక్కు చుక్కలు వేయండి. ఇంట్లో ఉప్పు కలిపి చేయకండి, పాళ్ళు కుదరవు. ఈ రాత్రి పూట దొరకకపోతే మానేయండి, ఏమీ కాదు. చుక్కలు వేశాక ఒక నిమిషం ఆగితే చీమిడి మెత్తబడుతుంది, చాలాసార్లు తుమ్మి పాపే బయటకు పంపేస్తుంది.

చీమిడి పీల్చే రబ్బరు బల్బు ఉంటే, ముందే గాలి పిండేసి అప్పుడు పెట్టాలి. లోపల పెట్టి పిండితే చీమిడిని వెనక్కి తోసినట్టే. నోటి తరువాతే ముక్కు. ముక్కులో తాకగానే బిడ్డ ఉలిక్కిపడి గాలి పీలుస్తుంది, అప్పుడు నోట్లో ఉన్న ఉమ్మి లోపలికి పోతుంది. నోట్లో అంటే చెంప లోపలి సందులో మాత్రమే, నాలుక వెనక్కి వెళ్ళకూడదు. కనిపిస్తే తీయండి, శబ్దం వస్తోందని తీయకండి. రోజుకు పదిసార్లు పీలిస్తే ముక్కు పొర వాచి మరింత మూసుకుపోతుంది. మా వార్డులో కొత్తగా చేరిన నర్సులకు నేను మొదట నేర్పేది బల్బు వాడటం కాదు, దాన్ని పక్కన పెట్టడం.

పాప మెలకువగా ఉన్నప్పుడు ఒళ్ళో పక్కకు తిప్పి పట్టుకుంటే నురగ దానంతట అదే చెంపవైపు చేరుతుంది, మెత్తటి గుడ్డతో అద్దండి. రుద్దితే మెడ చర్మం ఊడుతుంది. మెడ మడతల్లో తడి ఆరాక పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి, పౌడరు వేయకండి.

మందుల షాపు చుక్కల సీసా మీద జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అని ఉందేమో చూడండి. ఉంటే మూత తీయకండి. అవి పసికందు ఒంట్లోకి ఇంకితే మత్తు కమ్మేస్తుంది, గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అని ఉంటే నోట్లో వేసే జలుబు మందు. ఆ రెండూ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళలోపు వారికి దగ్గు, జలుబు మందులే వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్ళీ చెప్పింది. అయినా షాపులో చేతికిస్తూనే ఉన్నారు!

ఉప్పల్ పెద్దమ్మ | అర్ధరాత్రి 1:24

క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే ఉంది. చెత్తబుట్టలో పడేశాను. ఒక సందేహం. వెల్లకిలా పడుకోబెడితే నురగ గొంతులోకి పోయి ఊపిరి ఆడదేమోనని బోర్లా పడుకోబెట్టమంటున్నారు అత్తగారు.

కొంపల్లి పిల్లల డాక్టరు | అర్ధరాత్రి 1:31

నిద్రపోయేటప్పుడు వెల్లకిలానే. చదునైన గట్టి పరుపు, తలగడ వద్దు, చుట్టూ దిళ్ళు వద్దు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. నురగ గానీ కక్కిన పాలు గానీ అన్నవాహిక వైపే చేరతాయి, పైకెక్కి శ్వాసనాళంలోకి పోవాలి. బోర్లా పడుకోబెడితే ఆ అమరిక తలకిందులవుతుంది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం బోర్లా పడుకునే పిల్లల్లో ఎక్కువ. గర్భంలో మత్తుకు గురైన పిల్లల్లో ఆ ప్రమాదం మామూలుగానే ఎక్కువ. పక్కకు పడుకోబెట్టినా దొర్లి బోర్లా పడతారు. ఏటవాలు ఉయ్యాల, కారు సీటు నిద్రకు పనికిరావు, మెడ ముందుకు వాలి దారి మూసుకుపోతుంది. పెద్దవాళ్ళ మంచం మీద, పక్కన పడుకోబెట్టుకోవద్దు. మీ మంచం పక్కనే విడి పరుపు మీద వేయండి.

పాలు పట్టిన తరువాత ఇరవై, ముప్పై నిమిషాలు భుజం మీద నిటారుగా పట్టుకోండి, ఆ తరువాతే పరుపు మీదికి.

మింగుడు చికిత్స | ఉదయం 6:10

నేను మాట, మింగుడు చికిత్సకురాలిని. రాత్రంతా మీరందరూ మేలుకుని రాసింది ఇప్పుడే చదివాను. పాల విషయంలో కొంత చేరుస్తాను, ఎందుకంటే ఇలాంటి పిల్లల్లో పాలు తాగే తీరే అసలైన కొలమానం. కఫం ఎంత తీశామన్నది కాదు.

పాలు దేనితో పడుతున్నారో రాయలేదు. ఉగ్గు గిన్నెతో అయితే గిన్నె ముక్కు పెదవి మూలన ఆనించి, పాప మింగిన తరువాతే మళ్ళీ వంచాలి. చప్పరింత లేని బిడ్డ గొంతులో పాలు పోస్తే మింగడం ఉండదు, జారడమే ఉంటుంది. సీసా అయితే నెమ్మదిగా కారే పాలపీక తీసుకోండి. పాపను ఒళ్ళో పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తులో ఉండేలా పట్టుకోండి. ఇది మెలకువలో, మీ చేతుల్లో మాత్రమే. సీసాను నిట్టనిలువుగా కాక అడ్డంగా పట్టుకుంటే ధార తగ్గుతుంది. మూడు నాలుగు సార్లు చప్పరించగానే సీసా దించి ఊపిరి పీల్చుకోనివ్వండి. గడ్డం కింద ఒక వేలు ఆనిస్తే పెదవుల పక్క నుంచి కారడం తగ్గుతుంది, కానీ బుగ్గలు నొక్కవద్దు.

అరగంటకు మించి పట్టకండి. ముప్పావు గంట పట్టిన పాలకన్నా, ఆ శ్రమకు ఖర్చయిన శక్తి ఎక్కువ కావచ్చు. తక్కువ పాలు, ఎక్కువ సార్లు. అయినా బరువు పెరగకపోతే కొన్నాళ్ళు ముక్కు గొట్టం ద్వారా పట్టమని డాక్టర్లు అంటారు. గొట్టం అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అది ఓటమి కాదు, పాపకు విశ్రాంతి.

పాలు గుటక వేసేటప్పుడు కళ్ళు చెమర్చడం, ముక్కు పుటాలు విచ్చుకోవడం, కనుబొమలు ఎగరేయడం, వేళ్ళు చాపేయడం గమనించండి. దగ్గు రాకముందే పాప "ఆపు" అని చెప్పే తీరు అది. మెత్తబడిన పిల్లల్లో కొందరికి పాలు తప్పు దారిలో పోయినా దగ్గు రాదు, ఏ శబ్దమూ ఉండదు. అందుకే పొలమారడం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

పాలు పట్టనప్పుడు శుభ్రమైన చిటికెన వేలు గానీ పీక గానీ చప్పరించనిస్తే మింగడం మేలుకుంటుంది, నోట్లో ఉమ్మి నిలవడం తగ్గుతుంది. చొంగ ఆరిపోయేలా చేసే మందులు ఉన్నాయి, అట్రోపిన్, గ్లైకోపైరోలేట్ లాంటివి. అవి నాడీ సంబంధ సమస్యలున్న పెద్ద పిల్లలకు. పసికందుకు వేస్తే కఫం చిక్కబడి ఇంకా ఇరుక్కుంటుంది, జ్వరం వస్తుంది, మూత్రం ఆగుతుంది. ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

న్యాయవాది, నాంపల్లి | ఉదయం 7:02

పోలీసుల భయం గురించి. చికిత్స కోసం తానే ముందుకొచ్చిన మత్తు బాధితులకు, వాడకానికి సంబంధించిన నేరాల్లో విచారణ నుంచి రక్షణ ఇచ్చే నిబంధన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది, 64ఎ సెక్షన్. అమ్మేవాళ్ళకు అది వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. ఆ చట్టం కింద చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. పైగా, మానసిక చికిత్సాలయంలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 21వ సెక్షన్ చెబుతోంది. తల్లి పరిస్థితి వల్ల బిడ్డకు ముప్పు ఉంటేనే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. మీ బావగారికి ఇది చదివి వినిపించండి.

ఆరో నెల | ఉదయం 7:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాకు ఆందోళన జబ్బుకు డాక్టరే క్లోనజిపాం రాశారు, రోజూ ఒక మాత్ర. ఆరో నెల గర్భం. పైన రాసింది చదివి రాత్రి నుంచి మానేద్దామనుకుంటున్నాను.

కొంపల్లి పిల్లల డాక్టరు | ఉదయం 7:46

మానకండి! హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, అది మీకూ బిడ్డకూ మాత్ర కన్నా ప్రమాదం. మాత్ర రాసిన డాక్టరుకూ కాన్పు డాక్టరుకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసేలా ఈ వారమే చెప్పండి. తగ్గించాలో, అలాగే ఉంచాలో వారు నిర్ణయిస్తారు. నవజాత శిశువుల విభాగం ఉన్న ఆసుపత్రిలో కాన్పుకు పేరు రాయించుకోండి. డాక్టరు పర్యవేక్షణలో తక్కువ మోతాదు వాడిన తల్లుల పిల్లలు చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వెళ్ళిపోతారు.

ఉప్పల్ పెద్దమ్మ | మరుసటి రోజు, రాత్రి 9:15

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కల్లు సంగతి నేనే చెప్పాను. ఓపీలో చూసిన చిన్న డాక్టరమ్మ ఒక్క నిమిషం రాయడం ఆపి, "ముందే తెలిస్తే బాగుండేది, ఇప్పటికైనా చెప్పారు" అని మళ్ళీ రాసుకున్నారు. అంతే, కేసు అనలేదు, ఎవరినీ పిలవలేదు.

నోటి నుంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు, ఆగకుండా వెళ్ళింది. ఛాతీ ఎక్స్‌రేలో కుడివైపు పైభాగంలో కొంచెం మబ్బుగా ఉందట, పాలు ఊపిరితిత్తుల్లోకి కొద్దిగా పోయి ఉంటాయని చేర్చుకున్నారు. పుట్టిన బరువు కన్నా ఇంకా తక్కువే ఉంది. ప్రస్తుతానికి గొట్టంతో పాలు. ఇంకో రకం కలయిక ఉందేమో తెలుసుకోవడానికి మందు తాగించి తీసే ఎక్స్‌రే అవసరమైతే చేస్తారట. చెల్లెలి పాలు పట్టవచ్చా అని అడిగితే, అక్కడ ఆమెకు ఏ మందులు ఇస్తున్నారో కాగితం తెమ్మన్నారు.

మార్కులు వేసే పట్టిక ఒకటి మంచానికి తగిలించారు. తుమ్ములకు మార్కు, ముక్కు దిబ్బడకు మార్కు. అదేమిటో అర్థం కాలేదు.

రాత్రి డ్యూటీ | రాత్రి 9:40

ఫినెగన్ పట్టిక. అమెరికాలో 1975 ప్రాంతంలో తయారైంది, హెరాయిన్, మెథడోన్ లాంటి ఓపియాయిడ్లకు గురైన పిల్లల కోసం. ముక్కు దిబ్బడకు ఒకటి, వరుస తుమ్ములకు ఒకటి, పాలు సరిగా తాగకపోతే రెండు, ఎగజిమ్మే వాంతికి మూడు. మొత్తం కలిపి మందు అవసరమా అని చూస్తారు. చొంగకు అందులో విడిగా మార్కే లేదు! మీ పాప లాంటి మెత్తటి పిల్లలకు అది సరిగ్గా అతకదు. వణుకు మొదలైతే కనిపెట్టడానికి వేస్తున్నారనుకుంటాను.

కొంపల్లి పిల్లల డాక్టరు | రాత్రి 9:58

మార్కుల కన్నా మూడు ప్రశ్నలు చాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు, ఓపియాయిడ్ పిల్లల విషయంలో. పాలు తాగుతోందా, గంటసేపైనా నిద్రపోతోందా, ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుంటోందా. 2023లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఇలా చూసిన పిల్లలు సగటున 8.2 రోజుల్లో ఇంటికి వెళ్ళడానికి సిద్ధమయ్యారు, పాత పద్ధతిలో 14.9 రోజులు పట్టింది. మీ పాపకు ఏ పద్ధతి వాడినా, మీరు ఆమెను ఎత్తుకుని ఉండే సమయం మాత్రం తగ్గనివ్వకండి. గొట్టం ఉన్నా ఛాతీకి హత్తుకోవచ్చు.

పాల గురించి ఆసుపత్రి చెప్పింది సరైనది. కల్తీ కల్లు మళ్ళీ మొదలయ్యే అవకాశం ఉంటే తల్లిపాలు వద్దు, అవి పాపను మరింత మత్తులో ముంచుతాయి. చికిత్సలో స్థిరపడితే మందుల కాగితం చూసి నిర్ణయిస్తారు. నిలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది, ముఖ్యంగా అక్కడ చేరిన బలహీనమైన పిల్లల కోసం. లేకపోతే డబ్బాపాలు, కొలత ప్రకారం కలిపి. నీళ్ళు ఎక్కువ పోసి పలచన చేయవద్దు.

దత్తత నాన్న | రాత్రి 10:20

ఇంటికి వచ్చాక కూడా ఒకటి వదలకండి. మెడ నిలపడం, చూపు, నవ్వు ఎప్పుడు వస్తున్నాయో రాసి పెట్టుకుని చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల ఆలస్యమయ్యే పిల్లలకు జిల్లా కేంద్రాల్లో ఉచితంగా చికిత్స ఇస్తారు. మా వాడికి మాట ఆలస్యమైంది, అక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆపమన్నా ఆపడు.

నానమ్మ కబుర్లు | రాత్రి 10:31

పెద్దమ్మా, నువ్వు తిన్నావా? ఆసుపత్రిలో బిడ్డ దగ్గర ఉన్నవాళ్ళు తినడం మరిచిపోతారు. రేపు రెడ్‌హిల్స్ వైపు వస్తున్నాను, అన్నం తేనా?

ఉప్పల్ పెద్దమ్మ | రాత్రి 10:44

తీసుకురండి నానమ్మగారూ. మా అత్తగారు కూడా ఇక్కడే ఉన్నారు, ఇద్దరికీ. ఆవిడ పొద్దున బల్బు వాడటం నర్సు దగ్గర నేర్చుకున్నారు, ఇప్పుడు నన్ను తాకనివ్వడం లేదు. దాన్ని ఎలా శుభ్రం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాత్రి డ్యూటీ | రాత్రి 10:52

వాడిన ప్రతిసారీ సబ్బు కలిపిన వేడి నీళ్ళు లోపలికి పీల్చి, పిండి, మంచి నీళ్ళతో మళ్ళీ అలాగే. మొన తెరుచుకునే రకం అయితే విప్పి ఉడకబెట్టండి. తరువాత మొన కిందికి ఉండేలా ఆరబెట్టాలి, లోపల తడి ఉంటే నల్లటి బూజు పడుతుంది. బూజు కనిపిస్తే కడగకండి, పారేయండి. పక్క మంచం పాపకు అరువు ఇవ్వకండి.

మల్కాజిగిరి మానస | రాత్రి 11:08

మా బాబుకు నాలుగో నెల. ఏ మందులూ లేవు, కానీ రోజుకు ఐదారు గుడ్డలు తడుపుతున్నాడు. చొంగ అనగానే భయం వేసి ఇదంతా చదివాను. మాదీ ఇలాంటిదేనా?

రాత్రి డ్యూటీ | రాత్రి 11:13

పాలు బాగా తాగి, బరువు పెరుగుతూ, చేతులు నోట్లో పెట్టుకుని నవ్వుతుంటే అది వయసు చొంగ. మూడో నెల దాటాక లాలాజలం పెరుగుతుంది, మింగడం ఇంకా అంత వేగంగా రాదు. ఏడాదిన్నర, రెండేళ్ళ వరకు ఉండవచ్చు. తడిసిన గుడ్డ మార్చడం, గడ్డం అద్దడం, అంతే. హఠాత్తుగా పెరిగి, పాలు మింగలేక, జ్వరంతో ఉంటే మాత్రం చూపించండి.

నిర్వాహకులు | రాత్రి 11:20

మానసగారూ, మీ ప్రశ్నను "మూడు నుంచి ఆరు నెలలు" విభాగంలో కొత్త చర్చగా తెరిచాను, మిగతా సందేహాలు అక్కడ అడగండి. ఈ చర్చను పెద్దమ్మగారి కోసం తెరిచే ఉంచుతున్నాం.